ఎర్ర మీట

ముందు పొట్ట కుట్లు విప్పాలి.
బ్లేడు వద్దు, గోళ్ళ కత్తెర చాలు.
బొచ్చు మీద గాటు పడితే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

ట్రాండ్‌హైమ్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
గ్రంథాలయం కింది గదిలో, దీపం కింద
వెల్లకిలా పడుకుంది దుకాణంలో కొన్న కుక్కపిల్ల.
కుడి పాదం నొక్కితే మొరుగుతుంది,
తోక ఆడిస్తుంది.

నొక్కితే.
ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది సున్నివా.
ఆరేళ్ళు. వేళ్ళు ఆమె చెప్పినట్టు వినవు.
ఇన్నాళ్ళూ అన్న నొక్కాడు, అమ్మ నొక్కింది,
ఆమె చూసింది.
చూసి చూసి మొహం తిప్పుకుంది.

నలభై ఏళ్ళు చేపల పడవల్లో రేడియోలు బాగుచేశాను,
ఉప్పు తిన్న తీగలే ద్రోహం చేయడం చూసినవాణ్ణి.
ఈ దూది పేగుల్లో రెండు తీగలు దొరకబుచ్చుకోవడానికి మాత్రం
కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను.
చెరో చుక్క టంకం, సన్నటి పొగ,
తోక పక్కనుంచి బయటికి చిన్న సాకెట్టు.
మళ్ళీ కుట్టు. నా కుట్టు వంకర.
కుక్క ఏమీ అనలేదు.

అరచేతంత ఎర్ర మీట
ఆమె చెంప ఆనేచోట బిగించాను.
తల వాలిస్తే చాలు.
"ఊఁ, కానీ" అన్నాను నేను.
"సున్నివా, కానీమ్మా" అంది వాళ్ళమ్మ రాన్‌వైగ్.
గదిలో అందరం ఊపిరి బిగబట్టాం.
సున్నివా కిటికీలో మంచును చూసింది.

తీగ ఎక్కడ తప్పిందోనని నేనే నొక్కాను.
మొరిగింది.
తప్పు నా పనిలో లేదు,
ఉంటే బాగుండేది.

మర్నాడు ఫోను.
రాన్‌వైగ్ గొంతు నిద్రలేక బొంగురుపోయి ఉంది.
మీటను ఎందుకో మంచం మీద, తలగడ పక్కనే వదిలిందట.
రాత్రి రెండింటికి మొదలైందట.
భౌ.
కాసేపు ఏమీ లేదు.
భౌ భౌ.
పక్కింటి ముసలాయన గోడ బాదాడట,
దానికి జవాబు: భౌ.
"చాలించు! పడుకో!" అని అరిచిందట,
అరిచి, తన నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టుకుందట.
ఆరేళ్ళలో ఆ పిల్లని తిట్టే పని
ఒక్కసారీ పడలేదు.

"పోనీ రాత్రిళ్ళు తీగ పీకెయ్యండి" అన్నాను.
"పీకేశాను" అంది.
కొంచెంసేపు ఫోనులో గాలి మాత్రమే.
"మళ్ళీ పెట్టాను."

శబ్దం తగ్గించే మీట కూడా ఒకటి
అమర్చమంటుందేమోనని చూశాను.
అడగలేదు.
వెనకెక్కడో ఎవరో
తల వాల్చారు.