దూది పరిచే చోటు

నెలకు మిగిలేది పదిహేను వందలు.
అందులో ఐదు వందలు ఫోను ప్రకటనకు పెడదామన్నాను.
"యాడ పెడతావుమ్మే?" అన్నాడు నాయన,
మీసాలంతా దూది నూగు.

ఇన్‌స్టాలో రీలు అప్పటికే పెట్టినాను.
మిషను మోత, గాల్లో తెల్లటి దుమారం, వెనక పాట.
నాలుగు వేల గుండెలు వచ్చినాయి
వరంగల్లు నుంచి, దుబాయి నుంచి.
గుండె గుర్తుకు దిండు అక్కర్లేదు.

ఫేస్‌బుక్కు, యూట్యూబు, ఇంకేదో,
తలా వంద అని లెక్క రాస్తుంటే
కుళ్లాయప్ప నవ్వినాడు. మా నాయనే. నవ్వడం అరుదు.
"ఐదు కిలోల దూది
ఐదు పరుపులకు పరిస్తే
ఎవురి వీపుకూ నేల తప్పదు."

ఆ రాత్రి బిల్లు పుస్తకం తిరగేసినాను.
నడుం నొప్పి టీచరు, హాస్టలు పిల్లోళ్లు ముగ్గురు,
ఉయ్యాలకు చిన్న బొంత అడిగిన రుద్రంపేట ఆమె.
మరునాడు ఫోను చేసి అడిగినాను
మమ్మల్నెట్లా కనుక్కున్యారని.
"మ్యాపులో వెతికినాం పాపా,
అది పాత ఇనుము అంగడికాడ దింపింది.
దూది పింజలు ఎగిరే దిక్కున నడిచొచ్చినాం."

వచ్చినోళ్లు వీళ్లు.
తిరిగి పోయినోళ్లు ఏ పుస్తకంలోనూ లేరు.

పొద్దున్నే తాడిపత్రి బస్టాండు వెనక సందులో,
ఆటోవాడు తిడుతున్నా నడిమధ్య నిలబడి
ఆ ఎర్ర గుర్తును వేలితో జరిపినాను,
ఇరవై గజాలు,
ఇనుము మీంచి మా గడప మీదికి.
తెరిచే టైము రాసినాను. నాయన చేతుల ఫోటో ఒకటి.

ఐదు వందలు డబ్బాలోనే ఉన్నాయి.
రీలు మాత్రం తీసేయబుద్ధి కాలేదు.
అందులోనూ ఒక్క క్షణం, చివర్లో,
నాయన నవ్వుతాడు.