నిండు బండి

ఖాళీ బండిలో గొలుసు తెగడం
ఈ లోయలో ఎవరూ చూడలేదు.
నిండా పేడ ఎత్తాకే,
అదీ వాలు సగం ఎక్కాకే
టప్‌మని ఒక్క చప్పుడు.
వెనక పళ్ల చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి,
కబురు ఇంకా అందని చుట్టాల్లా.

విస్కాన్సిన్‌లో మార్చి.
కొట్టంలోంచి పొగలు కక్కుతూ వచ్చిన పేడ
పది గంటలకల్లా అంచుల్లో గడ్డకడుతుంది.
ట్రాక్టర్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.
మా బావ ఓర్విల్ ఎడమ చేతికి మూడే వేళ్లు.
ఆ కథ మా ఇంట్లో ఎవరూ చెప్పరు,
తాళంచెవి మాత్రం అందరం తీస్తాం.

ఇక ఆరు పళ్ల పార, నేను, రెండు టన్నులు.
యంత్రం పది నిమిషాల్లో విసిరేసేది
మధ్యాహ్నం దాకా దించాను.
గడ్డీ, రంపపు పొట్టూ, మధ్యలో
ఓ పసుపు చెవిబిళ్ల: నాలుగు వందల పద్దెనిమిది.
పోయినేడు అమ్మేసిన కుంటి ఆవుది.
అదీ జేబులోకే, ఎందుకో.

అడుగు పలకలు తేలేసరికి
కంచె అవతల లెరాయ్ కుబీనా నిలబడి ఉన్నాడు.
ఎద్దు తగాదా తర్వాత ఆరేళ్లుగా
మా మధ్య మాట లేదు.
చేతిలో తుప్పు పట్టిన కాఫీ డబ్బా, కదిలితే గలగల.
కంచె దాటి వచ్చి, అడక్కుండానే
బండికి అటువైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"యాభై నాలుగు," అన్నాడు చాలాసేపటికి.
మళ్లీ లెక్కపెట్టాను, వేలు గ్రీజులో జారుతుంటే.
"ఇటు యాభై మూడు. తెగిందాంతో కలిపి."
పలకలు ఇన్నాళ్లూ ఏటవాలుగా నడిచాయన్నమాట,
బరువంతా ఒక్క పక్కే లాగుతూ.
"ఆ ఒకటి తీసింది నేనే," అన్నాడు నేలకేసి,
"మీ నాన్న తొందరపెడుతుంటే.
రెండోవైపు రేపు తీద్దామనుకున్నాం."

తెగిన లంకె బదులు రెండు వేశాం.
సుత్తి నాది, దిమ్మ పట్టింది అతను.
ఒక దెబ్బ అతని బొటనవేలిని రాసుకుపోయింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తాళం తిప్పాను.
పలకలు నిటారుగా, ఖాళీగా, తాపీగా
ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి.
ఒక పూర్తి చుట్టు ఇద్దరం చూశాం.
అతను వెళ్లాక చూస్తే డబ్బా మడ్‌గార్డు మీదే ఉంది,
అడుగున ఇంకా మూడు లంకెలు.
మర్చిపోయాడేమో.

చీకటి పడేలోగా
ఆ రెండు టన్నులూ మళ్లీ ఎక్కించాలి.