దివిటీ పట్టినవాడు

గుడి గోడకి ధరల పలక.
నేనే రాశాను, నిన్న బిల్లింగు సెక్షన్‌లో పని ముగిశాక
ఆస్పత్రి కాయితం వెనకవైపు:

పోయి పదిరోజులు దాటకపోతే ఐదువందల బంగారు నాణేలు.
దాటితే వెయ్యి, వజ్రం మీరే తెచ్చుకోవాలి.
తల విడిగా ఉంటే కుట్టుకూలి అదనం.
శవం దొరక్కపోతే ముందుగా మాట్లాడుకోండి.
లేచినవాడు మిమ్మల్ని గుర్తుపట్టకపోతే
గుడికి పూచీ లేదు.

బయట మిల్వాకీ మీద మోకాలిలోతు మంచు.
నేలమాళిగలో బల్ల చుట్టూ నలుగురం,
మూల బట్టలారబెట్టే యంత్రం, అందులో ఎవరిదో బొత్తాం
టకటకా కొట్టుకుంటోంది.

ఓటిస్ ఆడే మరుగుజ్జు వీరుడు బ్రుందక్
చచ్చిపోయాడు. ఇది మూడోసారి.
మొదటిసారి నిజంగానే ఏడ్చాం.
రెండోసారి పిజ్జా తింటూ చందాలు వేసుకున్నాం.
ఈసారి ఓటిస్ తల ఎత్తకుండానే
"రాసుకో" అన్నాడు,
పంక్చరు వేయించుకునేవాడిలా.

ఆట నడిపేది నేను, పూజారిణి గొంతూ నాదే.
ఆమె వజ్రాన్ని దీపానికెత్తి చూసింది,
గీత ఉందని కాసేపు బేరమాడింది,
పొడి కొట్టి నాలుక మీద చల్లింది.
బ్రుందక్ దగ్గుతూ లేచి
"నా గొడ్డలేదిరా?" అన్నాడు.
అందరం నవ్వాం.

పా న్యా నవ్వలేదు. ఈ నెలే చేరిన పిల్ల.
"మరి అతను?"
ఎవరు?
"దివిటీ పట్టుకున్నతను.
రోజుకి రెండు రాగికాసులకి కుదుర్చుకున్నాం కదా.
సొరంగంలో ముందు నడవమన్నాం కదా."

కాయితాలు తిరగేశాను.
కూలివాడు ఒకడు. ప్రాణం నాలుగు పాయింట్లు.
కర్ర. యాభై అడుగుల తాడు.
పేరు రాసుకోలేదు.
తాడు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నాం.

ఓటిస్ ఫోన్‌లో లెక్క కట్టాడు:
ఐదువందల బంగారమంటే అతనికి
అరవై ఎనిమిదేళ్ళ కూలి, ఒక్క సెలవు లేకుండా.
కట్టి, ఫోన్ బోర్లించి పెట్టాడు.

ఇలాంటి లెక్కలు నాకు కొత్త కాదు.
నెలకి నలభై డాలర్లయితే కట్టగలనంటుంది ఒకామె,
అవతల కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది.
నా ముందున్న కాయితంలో ఆమెకి చెప్పాల్సిన జవాబు ఉండదు.
ఇక్కడి గుడి నయం, లేవకపోతే డబ్బు వాపసు.
మా దగ్గర లేవనివాళ్ళకీ బిల్లు వెళ్తుంది.

పా న్యా తన వెండి విల్లు అమ్మేసింది.
బస్సు నడిపి రిటైరైన వెండెల్
మాట్లాడకుండా ఉంగరం జోడించాడు.
ఇంకా నూట పది తక్కువ. ఓటిస్ గొణిగి, గొణిగి,
గొడ్డలి బల్ల మధ్యకి తోశాడు.

"పేరు పెట్టి పిలవాలి" అంది పూజారిణి.
ఎవరికీ తెలీదు.
యంత్రం ఆగిపోయింది. బొత్తాం చప్పుడూ ఆగింది.

"కారు బోల్తాపడ్డాక," అంది పా న్యా,
"నేను మూడు రోజులు నోరు విప్పలేదు.
మా అమ్మమ్మ వీధి తలుపు తెరిచి,
గిన్నెడు బియ్యం మీద గుడ్డు నిలబెట్టి
నా ప్రాణాన్ని పిలిచింది.
ఇటు రా, ఇదే ఇల్లు, చలిలో తిరక్కు అని.
పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుద్దామనుకున్నారట."
ఎంత తీసుకుంది, అనడిగాడు ఓటిస్, వెటకారం కాదు.
"గుడ్డు ఒక్కటే. అదీ ఉడికించి నాకే పెట్టింది."

పేరు లేకుండానే పిలిచాం.
ఒరేయ్ అబ్బాయ్, అన్నాడు వెండెల్.
తాడు నీదే, వచ్చి తీసుకో, అంది పా న్యా.

పోయినవాడు ఒప్పుకుంటేనే రావడం. అది నియమం.
తెర వెనక పాచిక వేశాను.
వాళ్ళు నా మొహం చూస్తున్నారు.
నేను అతనికి ఒక గొంతు వెతుక్కున్నాను,
కొంచెం జలుబు చేసిన గొంతు:

"వస్తే,
మళ్ళీ నేనే ముందు నడవాలా?"

ఎవరూ పలకలేదు.
అంకె నేనింకా చెప్పలేదు.
పొద్దున్న ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి.