చిల్లర

పర్లాకిమిడి నుంచి గుణుపురం వెళ్ళే బస్సులో
డ్రైవరు దండపాణి దగ్గర ఒకటే పెన్‌డ్రైవు.
అందులో పదకొండు పాటలున్నా
కాశీనగరం దాటాక ఆయనకి గుర్తొచ్చేది ఒక్కటే.

ఒడియా పాట.
నాకు ఒడియా బేరం వరకే వచ్చు:
గజం ఎంత, లైనింగు ఎంత, రేపు రా.
జాకెట్లు కుట్టేదానికి అంతకన్నా ఎందుకు?
ఆ పాటలో నాకు చిక్కినవి రెండే మాటలు,
మన కథా.

మిగతాదంతా చక్రాల కింద కంకర.
ఆ రెండు మాత్రం
ఎవరో మోచెయ్యి తట్టి చెప్పినట్టు
తెలుగులోనే వినబడేవి.

మన అంటే నేనూ, మా గున్నమ్మప్పా.
ఇంకెవరున్నారు నాకు మన అనుకోడానికి?
ఒకే మిషను మీద ఇద్దరం.
అప్ప తొక్కితే నేను గుడ్డ జరిపేదాన్ని,
అప్పటికి నా కాళ్ళు అందేవి కావు.
తర్వాత అందాయి.
అందాక తెలిసింది మిషను ఒకటేనని.
తొమ్మిదేళ్ళయింది మాటల్లేక.
ఏ మాట మీద తెగిందో,
అది ఎవరు ముందన్నారో,
దారం కొస దొరకదు.

మరి ఈ పాడే పిల్లకెలా తెలిసింది?
ఏ ఊరి పిల్లో, గొంతులో కాస్త జలుబు,
మా ఇంటి సంగతి బస్సంతా వినేలా పాడుతుంది.
కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.
పక్కవాళ్ళు వాంతి అనుకుని జరిగేవారు.

వెనక సీటు గుంటడికి
అదే పాటలో నెయ్యి వినబడిందట.
"మన కథా నెయ్యి" అని పాడి
వాళ్ళమ్మని అన్నంలోకి అడిగేవాడు.
నవ్వాను.
నవ్వడానికి నాకేం హక్కుందో
కుంతలా సాబత్ టీచరు చెప్పేదాకా తెలీలేదు.

"మన అంటే మీ మన కాదమ్మా," అందావిడ
టిఫిను డబ్బా ఒళ్ళో సర్దుకుంటూ,
"మనసు. కథా అంటే మాట. నఈ అంటే నది.
మనసులో మాట నదికి తెలుసు అంటోంది."
అని వంశధార వైపు చెయ్యి చూపించింది.
అక్కడ ఇసుక లారీలు నీళ్ళలోకి దిగి ఉన్నాయి.

ఏటి సెప్పను.
వేరొకరి కొలతకి కుట్టిన జాకెట్టు
నాలుగేళ్ళు తొడుక్కున్నాక
ఇది నీది కాదు అన్నట్టుంది.
బస్సులో విప్పి ఇచ్చెయ్యలేను కదా.
వారం రోజులు టీచరు చెప్పినట్టే విన్నాను,
మనసు, మాట, నది. మనసు, మాట, నది.
పాట సరిగ్గానే ఉంది.
నా ఒంటికే పట్టలేదు.
ఎనిమిదో రోజుకి మళ్ళీ
నా తప్పులోకే వచ్చి కూర్చున్నాను.

అలాంటి ఒక బుధవారం
కాశీనగరంలో ఎక్కింది మా అప్ప.
గుణుపురంలో ఒడియా ఇంటి కోడలు,
ఈపాటికి కలలు కూడా ఆ భాషలోనే వస్తాయేమో.
నన్ను చూసింది.
చూడనట్టు నా ముందు సీట్లోనే కూర్చుంది.
జడ సగం తెల్లబడింది.
రవిక మాత్రం తను కుట్టుకున్నదే,
చంక దగ్గర ఆ రెండో కుట్టు
మా నాన్న చేతిది. నాకూ అదే చెయ్యి.

పాట వచ్చింది.
ఆ రెండు మాటల దగ్గర
అప్ప వీపు కొంచెం ఆగింది.
కొంగు ఎత్తి చెంప తుడుచుకుంది,
చెమటే కావచ్చు.
ఏ మాట వినబడిందో,
మెట్టిన భాషలోదా, పుట్టిన భాషలోదా,
నేనడగలేదు.

కండక్టరు బనమాలి సంచి దులిపి
"చిల్లర లేదు" అని
ఒక్క యాభై కాగితం మా మధ్యకి చాచాడు.
"మీకు బాకీ ఇరవై, ఆవిడకి ముప్పై.
దిగాక మార్చుకుని పంచుకోండి."
అప్ప వెనక్కి తిరక్కుండానే
చెయ్యి చాపి పుచ్చుకుంది,
నాలుగు మడతలేసి గుప్పిట్లో పెట్టుకుంది.

గుణుపురం ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.
దండపాణి పాట మార్చాడు.