నీ దుంప తెగ

లాల్‌బాగ్ వెనక గేటు దగ్గర
గోనెపట్టా పరుచుకుని కూర్చున్న హొసకోట మనిషి
తూకం వెయ్యలేదు, లెక్కపెట్టి ఇచ్చాడు.
మూడు గడ్డలు, ఎనభై రూపాయలు.
చూడ్డానికి ఉల్లిపాయలే, ఘాటు లేదంతే.
"కుత్తిగె బయటికి ఉండాలక్కా,
నిండా పూడ్చేస్తే ఊపిరాడదు" అన్నాడు.
ఆయన కుత్తిగె అన్నాడు, నేను కుత్తిక అని విన్నాను.
పెద్ద తేడా ఏం లేదు.

మత్తికెరెలో రెండో అంతస్తు.
పెయింటు డబ్బా అడుగున మేకుతో అయిదు చిల్లులు,
పైన ఇటుక ముక్కలు, ఎర్రమట్టి, నలిపిన పిడక.
తాయారు పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.
కూరకి పనికొస్తాయా?
రావు.
పోనీ తల్లో పెట్టుకోడానికి?
ఫుట్‌బాల్ లిల్లీ అంటారు పెద్దమ్మా,
తలకాయంత పువ్వు, తల్లో ఎక్కడ పెడతావు?
"మరెందుకే, నీ దుంప తెగ!"

ఆ ఏడు ఆకులే వచ్చాయి.
వెడల్పాటివి, పచ్చనివి, విస్తరి వేసి
వడ్డన మర్చిపోయినట్టు.
కార్తీకం వెళ్లేసరికి అవీ పండి, వాలి,
డబ్బాలో ఒట్టి మట్టి మిగిలింది.
ఇంక నీళ్లు పొయ్యకూడదు.

పొయ్యడం ఎవరికైనా వచ్చు.
రోజూ పొద్దున్నే చెంబుతో దానిదాకా వెళ్లి
పొయ్యకుండా వెనక్కి రావడం,
అది నేర్చుకోడానికి
నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరింది.
మేము ఖాళీ చెయ్యాలి.
టెంపోలో మంచం, మిక్సీ, గ్యాసు బండ,
ముందు సీట్లో పెద్దమ్మ, ఆమె ఒళ్లో డబ్బా.
"ఏముందమ్మా అందులో?" డ్రైవరు నాగరాజప్ప అడిగాడు.
"మట్టి."
"మట్టికి కూడా బాడుగ కడుతున్నారా!"
నిద్రలో ఉన్నవాళ్లని ఇల్లు మార్చడం తేలికనుకున్నాను.
లేచాక అలుగుతారని తెలీదు.
ఆ ఏడూ ఆకులే.

హొరమావులో కింద వాటా.
సంపు పక్కన మంచమంత నేల.
డబ్బాలోంచి తీసి నేలలో పెట్టాను,
మూడింటికీ మెడలు బయటికి,
మూడు నీటికోళ్లు మునిగి తల ఎత్తినట్టు.
సంక్రాంతి వెళ్లిన వారం
సంపు కారుతోందని ఎవరో వచ్చి తవ్వారు.
నేను ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు చూస్తున్నాను,
కుట్టు తప్పినవి పక్కన పెడుతూ.

ఇంటికొచ్చేసరికి పెద్ద గడ్డ నిలువునా రెండు.
పార దెబ్బ.
లోపల పొర మీద పొర, తెల్లగా, తడిగా,
జిగురు ఇంకా కారుతోంది.

రోజుకి ఇరవైసార్లు ఆ మాట అనే మనిషి
ఆ రోజు నోరు మెదపలేదు.
నీళ్ల పొయ్యిలోంచి బూడిద తెచ్చి
కోత మీద అద్దింది,
దోక్కుపోయిన పిల్లల మోకాళ్లకి అద్దినట్టు.
బియ్యం డబ్బా నీడలో, పేపరు మీద, రెండు రోజులు.
మూడోనాడు తిరగేసి చూపించింది.
"అడుగున వేళ్ల మొదలు రెండింటికీ ఉంది చూడు.
ఉన్నాక బతక్క చస్తాయా?"
జానెడు ఎడం ఇచ్చి తనే నాటింది.

ఏప్రిల్ ఆఖర్న మామిడి జల్లు.
మూడు గంటలు కరెంటు లేదు.
సంపు రేకు మీద వడగళ్లు చప్పుడు చేశాయి.
వారం తిరక్కుండా
కొయ్యకుండా మిగిలిన రెండింట్లో ఒకటి
ఆకు కూడా వెయ్యకముందే పూసింది.
కాడ చివర ఎర్రటి గుండ్రం.
దగ్గరికెళ్తే వంద పూలు, వందా విడివిడిగా,
ప్రతిదాని కొసలో పసుపు చుక్క.
పక్కింటి కావ్యశ్రీ లెక్కపెట్టబోయి
అరవై మూడు దగ్గర తప్పి, మళ్లీ మొదలెట్టింది.
రెండోదాని చుట్టూ చీమలు. ఎందుకో తెలీదు.

తెగినవాటి దగ్గర పెద్దమ్మ కూర్చుని ఉంది.
ఒకదాని మెడలోంచి
బొటనవేలి గోరంత పచ్చన.
"నీ దుంప తెగ, ఇన్నాళ్లా!" అంది,
అని నాలుక్కరుచుకుంది.
నావైపు చూసింది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.
"తెగిందిగా మరి, తెగి రెండయింది" అని
కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత రెండో ముక్క దగ్గరికి జరిగింది.
అందులో ఇంకా ఏమీ లేదు.
తవ్వి చూడకూడదు.
చాలాసేపు కూర్చుంది,
చెంబు పక్కనే పెట్టుకుని,
పొయ్యకుండా.