మూడో నంబరు

హెల్తెర్మా రేవులో ఫెర్రీ ఆగిపోయింది.
ఈ ద్వీపానికీ మిగతా ఎస్టోనియాకీ మధ్య ఇప్పుడు
మంచు, దాని కింద ఒక కేబుల్.
ఉర్వె తాల్విక్ వంటగది బల్ల మీద
రై రొట్టె పొడి చేత్తో తుడిచి
ల్యాప్‌టాప్ తెరిచింది.

పగలు పాల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది.
రాత్రి చేసేది జీతం లేని పని.
కాపలా అని కూడా అనలేం,
కాపలావాళ్ల లాంతర్లకి వత్తులు సరిచేయడం.

ఎవరో మొదలుపెట్టి వదిలేసిన ప్లగిన్,
నాలుగు వందల పదహారు లైన్లు.
అయిదు నిమిషాలకోసారి వెళ్లి తలుపు తట్టి
"ఎలా ఉన్నావు?" అంటుంది.
దానికి తెలిసిన జవాబులు నాలుగు.
సున్నా అంటే క్షేమం.
ఒకటైతే ఓ కన్నేసి ఉంచు.
రెండైతే పరిగెత్తు.
మూడు: తెలియదు.

మూడుని ఎవరూ పెద్దగా వాడరు.
తెలియదని ఒప్పుకోవడం యంత్రాలకీ నామోషీ,
మనమే నేర్పాం కదా.

ఫిర్యాదు వచ్చింది వాల్దివియా నించి,
చిలీ దక్షిణాన, నడివేసవి.
రాసింది రయెన్ కోలిపాన్,
ఆస్పత్రి రక్తనిధిలో రాత్రి డ్యూటీ.
ఒంటిగంటా పదికి ఎలుక వైరు కొరికింది.
ఫ్రిజ్ పోయింది, ఫ్రిజ్‌తో పాటే దాని సెన్సరూ పోయింది.
ప్లగిన్ మాత్రం
క్షేమం
క్షేమం
క్షేమం
తెల్లారేదాకా డెబ్బై రెండు సార్లు.
నలభై ఒక్క సంచుల రక్తం పారబోశాం, అని రాసింది.
రెండు లైన్లు ఖాళీ వదిలి,
ఎవరికీ ఏమీ కాలేదు, అని రాసింది.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

లింగన్‌బెర్రీ జామ్ సీసాల వెనక
ఉర్వె దగ్గర పాత సెన్సర్ ఒకటుంది, పరీక్షలకి.
వైరు పీకింది.
అడిగింది.
క్షేమం, అంది ప్లగిన్, తడుముకోకుండా.

లైను లైనూ వేలు పెట్టి చదివింది.
జవాబు రాకపోతే చేతికొచ్చేది ఖాళీ.
ఖాళీని అంకె చేస్తే సున్నా.
సున్నా, ఆరు డిగ్రీల కంటే తక్కువ.
తక్కువంటే చల్లన.
చల్లగా ఉంది, అంటుందది
ఉలుకూ పలుకూ లేనిదాన్ని పట్టుకుని,
చల్లగా ఉండమని దీవించినట్టు.
మౌనం అర్ధాంగీకారం అంటారు,
ఇది ఆ మిగతా సగం కూడా తనే రాసుకుంది.

ఎవరు రాశారీ లైను?
అడిగితే యంత్రానికి మొహమాటం ఉండదు:
ఉర్వె తాల్విక్. ఏడేళ్ల కిందట. మార్చి.
రాత్రి రెండున్నర.
"అనవసరపు అలారాలు తగ్గించాను."

కెటిల్ కూత పెట్టి పెట్టి
దానంతటదే ఊరుకుంది.

ఆ మార్చి గుర్తొచ్చింది.
హాయిగా నిద్రపోతున్నామని
ఎవరెవరో మెచ్చుకుంటూ రాశారు.
తనూ వెళ్లి పడుకుంది.

దిద్దుబాటు ఎంతని?
ఒక ప్రశ్న కలిపింది: ఏమైనా వినబడిందా?
లేదంటే, సున్నా ఉన్న చోట మూడు.
పరీక్ష ఒకటి రాసి దానికి
వాల్దివియా అని పేరు పెట్టింది.
మళ్లీ వైరు పీకింది.
తెలియదు, అంది ప్లగిన్.
పసిపిల్ల మొదటి అబద్ధం మానుకున్నట్టు,
కాదు, అంత ముద్దుగా ఏం లేదు,
పసుప్పచ్చ తెర మీద ఒక్క మాట, అంతే.

వెర్షన్ రెండు, ఏడు, ఒకటి.
వివరణలో తన తప్పని రాసింది,
తేదీతో సహా.

మూడో రోజుకి కొత్త ఫిర్యాదు, గ్రాట్స్ నించి:
మీ కొత్త వెర్షన్ రాత్రిళ్లు లేపి చంపుతోంది,
తెలియదు తెలియదని ఒకటే నస,
పాతదే నయం.

ఉర్వె పెద్ద జవాబు రాసింది.
రక్తం గురించి, ఎలుక గురించి, మార్చి గురించి.
అంతా చెరిపేసింది.

"అయ్యా,
ఒకసారి కిందికి దిగి
వైరు చూసి రండి."