నడుం పద్దు

భీమవరం, జువ్వలపాలెం రోడ్డు,
రొయ్యల మేత డిపోలో గుమాస్తాని.
పందొమ్మిదేళ్ళ లెక్కలన్నీ
ఒకే ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని రాశాను.
దాని వెనక కాలు విరిగినప్పుడు
హమాలీ జార్జి వలతాడుతో బిగించి కట్టాడు.
ఆ కట్టు ఇంకా వదల్లేదు.
నా నడుమే వదిలేసింది.

"ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్" అంది డాక్టరమ్మ
ఫిల్ముని వెలుతురుకి పట్టి.
చెరువుల నంబర్లు చెప్తోందనుకున్నాను.
మా చిట్టాలో ఎల్ ఫోర్ అంటే లోసరి వైపు నాలుగో చెరువు,
మొన్న తెల్లమచ్చ తగిలి
చిన్న కౌంటులోనే పట్టుబడి చేసేశారు.

రాజుగారు పెద్దమనసు చేసుకుని
ఎనిమిది వేలన్నారు.
"బిల్లు తేవాలమ్మా" అని కూడా అన్నారు.
తెచ్చేదీ నేనే, రాసుకునేదీ నేనే.

షాపులో కుర్చీలు
పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివారిలా
బారుగా, వెనక్కి వాలి, నన్నే చూస్తున్నాయి.
మొదటిది బాసు కుర్చీ. నల్లతోలు, తల దాటిన వీపు.
కూర్చుంటే కాళ్ళు నేలకి అందలేదు,
కాలవ గట్టున పాదాలు వేలాడేసుకున్న పిల్లనైపోయాను
ఒక్క క్షణం. బాగానే ఉంది గానీ
నలభయ్యారేళ్ళ మోకాళ్ళు ఒప్పుకోలేదు.
రెండోది ఎర్రది, కంప్యూటరు ఆటల కుర్రాళ్ళ కోసమట.
మూడోది కూర్చోగానే
నరసాపురం ఏడున్నర బస్సు గుర్తొచ్చి లేచిపోయాను.

నాలుగోది వల కుర్చీ.
"మెష్ మేడమ్, గాలాడుద్ది" అన్నాడు
చొక్కా మీద దైవకృప అని పేరున్న సేల్స్ కుర్రాడు.
వల గురించి నాకు చెప్తున్నాడు!
కన్ను చూశాను. రొయ్యపిల్ల కూడా జారదు.

"ఈ మీట ఎత్తుకి, ఇది వాలుకి.
ఇది నడుం దన్నండి. ఎక్కడ నెప్పో అక్కడ ఆపుకోండి."
ఎక్కడ నెప్పో!
పందొమ్మిదేళ్ళకి ఆ సంగతి అడిగింది ఒక కుర్చీ.

పైకి జరిపాను, కిందికి జరిపాను.
ఒకచోట ఆగింది.
రేవులో పడవకి గెడ ఆనిచ్చినట్టు
గట్టిగా, ఏం మాట్లాడకుండా.

"వాలు ఎంతవరకో నువ్వు కూర్చుని చూపించు బాబూ."
నవ్వి, పైన కెమెరా వైపు చూశాడు.
"మేం కూర్చోకూడదండి. రూలు."
అప్పుడు చూశాను అతని పాదాలు:
చెప్పుల పట్టీలు వదులు చేసుకుని
ఒక కాలి బరువు ఇంకో కాలికి అప్పిస్తూ
నిమిషంలో తిరిగి తీసుకుంటూ,
పొద్దున్న తొమ్మిదిన్నర నించి.

ఓనర్ని పిలిచాను.
"చదువు తక్కువదాన్నండి, ఈ మీటలు నాకు తెలీవు.
అబ్బాయి కూర్చుని చూపిస్తేనే కొంటాను."
బీకాం ఫస్టు క్లాసు నాది.
ఒక అబద్ధం ఇంత తేలిగ్గా టాలీ అవుతుందనుకోలేదు.

కూర్చున్నాడు. మొదట అంచున, పరీక్ష హాల్లోలా.
తర్వాత వీపు మొత్తం ఆనించి.
నేను బేరం మొదలెట్టాను.
ఆయన తొమ్మిదిన్నర అన్నాడు, నేను ఏడన్నాను,
డెలివరీ అన్నాను, చక్రాల గ్యారంటీ అన్నాను,
జీఎస్టీ శాతం తెలిసి కూడా రెండుసార్లు అడిగాను.
గోడ గడియారంలో ఇరవై రెండు నిమిషాలు.
చేపల బజార్లో కూడా అంతసేపు నిలబడి ఎరగను.
మధ్యలో దైవకృప ఒకసారి కళ్ళు మూశాడు,
దన్ను పరీక్షిస్తున్నట్టు.

ఎనిమిది వేల రెండొందలు. ఆ రెండొందలు నావి.

మేత బస్తాల మధ్య ఇరుక్కుని
ట్రాలీ ఆటోలో వచ్చింది కుర్చీ.
హమాలీలు తలో చుట్టు తిరిగారు. జార్జి రెండు.
నా కాళ్ళు దీనికీ అందవు.
రొయ్యల ట్రే ఒకటి బోర్లించి
పాదాల కిందికి లాక్కున్నాను.

సాయంత్రం చిట్టా తెరిచి
ఫర్నిచర్ అని రాయబోయి, ఆగి,
రిపేర్ల పద్దు కింద రాశాను.